ఆసుపత్రిలో షుగరు చిన్న సంగతి కాదు

గుండెపోటుతో ఒకరు, నిమోనియాతో మరొకరు, తుంటి ఎముక విరిగి ఇంకొకరు ఆసుపత్రిలో చేరతారు. ముగ్గురికీ ఏళ్ల తరబడి షుగరు ఉంది. కేసు షీటులో మొదటి వరుసలో వాళ్లను ఆసుపత్రికి తెచ్చిన జబ్బు పేరు ఉంటుంది. షుగరు సంగతి కింద ఎక్కడో 'డీఎం' అన్న రెండక్షరాల్లో సర్దుకుంటుంది. అక్కడి నుంచి గుండె డాక్టరు గుండెను చూస్తారు, ఎముకల డాక్టరు ఎముకను చూస్తారు. షుగరును చూడాల్సిన పని మాత్రం చాలా వార్డుల్లో ఫలానా వారిదని ఎవరికీ అప్పగించి ఉండదు. రోగి కోలుకుని ఇంటికెళితే ఫర్వాలేదు. కోలుకోకపోతే మరణ ధ్రువపత్రంలో గుండె ఆగిపోయిందనో, ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకిందనో రాస్తారు. ఆ చివరి నాలుగు రోజుల్లో రక్తంలో గ్లూకోజు ఎంత ఉంది, ఎప్పుడు పడిపోయింది, ఎవరు చూశారన్నది ఆ కాగితం మీద కనబడదు.

మధుమేహం ఉన్నవారు ఆసుపత్రిలో చనిపోతే ఆ మరణాలన్నీ షుగరు వల్లేనని అనలేం. వారిలో చాలామందికి వయసు ఎక్కువ. గుండె, కిడ్నీలు అప్పటికే దెబ్బతిని ఉంటాయి. వైద్యులు ఎంత చేసినా దక్కనివారు ఉంటారు. కానీ వార్డులో షుగరును సరిగా చూడకపోవటం వల్ల, ఇన్సులిన్ తప్పుగా ఇవ్వటం వల్ల, ఇవ్వాల్సిన చోట ఆపెయ్యటం వల్ల జరిగే మరణాలు కూడా ఉంటాయి. వీటిని ఆపటానికి కొత్త మందులు, ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఒక గ్లూకోమీటరు, ఒక చార్టు, దాన్ని చూసే బాధ్యత తీసుకున్న ఒక మనిషి ఉంటే చాలావరకు ఆపొచ్చు. అందుకే ఈ విషయం మీద గట్టిగా మాట్లాడుకోవాలి.

కొవిడ్ చూపించిన అంకెలు

మధుమేహానికీ ఆసుపత్రి మరణాలకూ ఉన్న సంబంధాన్ని కొవిడ్ కాలం కళ్లకు కట్టింది. 2020 మార్చి 1 నుంచి మే 11 వరకు ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో కొవిడ్‌తో 23,698 మంది చనిపోయారు. వారిలో దాదాపు మూడోవంతు మంది మధుమేహం ఉన్నవారే. ఆ దేశ జనాభాలో మధుమేహం ఉన్నట్టు నమోదైనవారు వందకు ఐదుగురు మాత్రమే. వయసు, ఆర్థిక స్థితి, ప్రాంతం వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆసుపత్రిలో కొవిడ్‌తో చనిపోయే ముప్పు షుగరు లేనివారి కంటే టైప్-2 ఉన్నవారికి రెండు రెట్లు, టైప్-1 ఉన్నవారికి మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది.

మన దేశంలో మధుమేహుల సంఖ్య 10.1 కోట్లని భారత వైద్య పరిశోధన మండలి చేయించిన ఇండియాబ్ అధ్యయనం 2023లో అంచనా వేసింది. మరో 13.6 కోట్ల మంది షుగరు అంచున ఉన్నారు. ఇంతమంది ఉన్న దేశంలో ఏ ఆసుపత్రిలో ఏ వార్డుకెళ్లినా షుగరు ఉన్న రోగులు కనబడక మానరు. కంటి వార్డు, కాన్పుల వార్డు, క్యాన్సర్ వార్డు, చివరికి పళ్ల డాక్టరు గదితో సహా అందరికీ ఇది రోజువారీ వ్యవహారమే. షుగరు అన్నది షుగరు డాక్టరు ఒక్కరి పని అనుకునే రోజులు పోయాయి.

జబ్బు చేసినప్పుడు షుగరు ఎందుకు అదుపు తప్పుతుంది?

ఇంట్లో ఉన్నప్పుడు 140, 150 ఉండే షుగరు ఆసుపత్రిలో చేరిన రోజే 300 దాటటం చాలామంది చూసే ఉంటారు. 'నిన్న ఏం తిన్నారు?' అని ఇంటివాళ్లు రోగిని నిలదీస్తుంటారు కూడా. నిజానికి తిండితో సంబంధం లేకుండానే ఇలా జరగొచ్చు. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ గానీ, గుండెపోటు గానీ, పెద్ద గాయం గానీ తలెత్తగానే శరీరం కార్టిజాల్, అడ్రినలిన్ వంటి హార్మోన్లను ఎక్కువగా విడుదల చేస్తుంది. ఇవి కాలేయంలోని గ్లూకోజును రక్తంలోకి తోడుతాయి. ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. దీనికి తోడు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చినా, గ్లూకోజు కలిసిన సెలైన్ ఎక్కించినా షుగరు ఇంకా పైకి పోతుంది.

అలా పెరిగిన షుగరు అక్కడే ఉండిపోతే నష్టం మొదలవుతుంది. సూక్ష్మక్రిములను పట్టుకుని చంపాల్సిన తెల్ల రక్తకణాలు చురుకు తగ్గుతాయి. ఆపరేషన్ గాయం మానటం ఆలస్యమవుతుంది. గ్లూకోజు మూత్రంలోకి పోతూ తనతో పాటు నీటినీ లవణాలనూ లాక్కుపోతుంది. ఒళ్లు ఎండిపోయి, రక్తపోటు పడిపోయి, కిడ్నీలకు రక్తం చాలకుండా పోతుంది. అప్పటికే జబ్బుతో పోరాడుతున్న మనిషికి ఇది రెండో వైపు నుంచి పడే దెబ్బ.

మధుమేహం నాడులను కూడా దెబ్బతీస్తుంది కాబట్టి జబ్బు లక్షణాలు పైకి తెలియకుండా పోవచ్చు. వార్డులో ఉండగా గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి లేకుండా ఆయాసం, చెమట, వాంతులు మాత్రమే కనబడొచ్చు. 'గ్యాస్ అయ్యుంటుంది' అని ఊరుకుంటే విలువైన గంటలు చేజారతాయి.

ఇక్కడ ఇంకో సంగతి కూడా ఉంది. షుగరు ఉందని ఆసుపత్రిలో చేరాకే బయటపడేవాళ్లు తక్కువేం కాదు. అది ముందునుంచీ ఉన్న మధుమేహమా, జబ్బు ఒత్తిడి వల్ల తాత్కాలికంగా పెరిగిందా అన్నది హెచ్‌బీఏ1సీ పరీక్షతో తేల్చుకోవచ్చు. మూడు నెలల్లోపు ఈ పరీక్ష చేయించి ఉండకపోతే చేరిన రోజే చేయించటం మంచిది.

మరీ తగ్గించినా ప్రమాదమే

పెరిగితే ప్రమాదం కాబట్టి ఎంత తగ్గిస్తే అంత మంచిదని ఒకప్పుడు వైద్యలోకమే నమ్మింది. ఆ నమ్మకానికి బలమైన ఆధారం కూడా దొరికింది. 2001లో బెల్జియంలోని లూవెన్ వైద్యులు ఆపరేషన్ల తర్వాత ఐసీయూలో ఉన్న 1,548 మంది మీద అధ్యయనం చేశారు. ఇన్సులిన్‌తో షుగరును 80 నుంచి 110 మధ్య గట్టిగా పట్టి ఉంచిన వారిలో ఐసీయూ మరణాలు 8 శాతం నుంచి 4.6 శాతానికి తగ్గాయి. దీంతో ప్రపంచమంతటా ఐసీయూల్లో షుగరును మామూలు మనిషి స్థాయికి దించటం మొదలైంది.

ఎనిమిదేళ్లకు కథ తిరగబడింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా, అమెరికా ఆసుపత్రుల్లో 6,104 మందిపై చేసిన 'నైస్-షుగర్' అధ్యయన ఫలితాలు 2009లో వచ్చాయి. షుగరును గట్టిగా తగ్గించినవారిలో 90 రోజుల్లో 27.5 శాతం మంది చనిపోతే, 180 లోపు ఉంచితే చాలనుకున్నవారిలో 24.9 శాతం మంది చనిపోయారు. షుగరు 40 కంటే దిగువకు పడిపోవటం మొదటి గుంపులో 6.8 శాతం మందిలో జరిగింది. రెండో గుంపులో అది 0.5 శాతమే. మేలు చేద్దామని తగ్గించిన షుగరే కొందరి ప్రాణాల మీదికి తెచ్చిందన్నమాట.

ఈ అనుభవాల నుంచి వైద్యులు ఒక మధ్యదారికి వచ్చారు. ఆసుపత్రిలో ఉన్న రోగుల్లో ఎక్కువమందికి షుగరు 140 నుంచి 180 మధ్య ఉంటే మంచిది. 180 దాటి అలాగే ఉంటుంటే ఇన్సులిన్ మొదలుపెట్టాలి. బాగా వృద్ధులు, చివరి దశ జబ్బులతో ఉన్నవారి విషయంలో ఇంకాస్త ఎక్కువున్నా ఫర్వాలేదు. 70 కంటే తగ్గటాన్ని ఎవరిలోనైనా ప్రమాద ఘంటికగానే చూడాలి. 54 కంటే తగ్గితే మెదడుకు గ్లూకోజు చాలదు, వెంటనే చికిత్స చేయాలి.

వార్డులో షుగరు ఎలా పడిపోతుంది?

ఇందులో వింతేమీ ఉండదు. చాలాసార్లు చిన్న చిన్న పొరపాట్లు ఒకదాని మీద ఒకటి పడటమే. పొద్దున ఏడున్నరకు సిస్టర్ వచ్చి ఇన్సులిన్ ఇచ్చి వెళ్తారు. టిఫిన్ బండి తొమ్మిదింటికి వస్తుంది. లేదా సరిగ్గా టిఫిన్ వేళకు స్కానింగ్‌కు తీసుకెళ్తారు, అక్కడ గంటన్నర కూర్చోబెడతారు. లేదా రోగికి వాంతి వచ్చి రెండు ఇడ్లీల్లో అరముక్కే తింటారు. లోపలికి వెళ్లిన ఇన్సులిన్ మాత్రం తన పని తాను చేసుకుపోతుంది.

కిడ్నీలు దెబ్బతిన్నవారిలో ముప్పు ఇంకా ఎక్కువ. ఇన్సులిన్‌ను ఒంట్లోంచి బయటికి పంపటంలో కిడ్నీలది పెద్ద పాత్ర. అవి మందగిస్తే అదే మోతాదు ఎక్కువసేపు పనిచేస్తుంది. గ్లిమెపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు కూడా ఇలాగే ఒంట్లో నిలిచిపోతాయి. వీటి వల్ల షుగరు పడిపోయినవారికి గ్లూకోజు ఎక్కించగానే లేచి కూర్చున్నా, కొన్ని గంటలకు మళ్లీ పడిపోవచ్చు. అందుకే వారిని కనీసం ఒక రోజంతా కనిపెట్టి ఉండాలి.

షుగరు పడిపోతున్నప్పుడు చెమట, వణుకు, గుండెదడ, తత్తరపాటు కనబడతాయి. కానీ బీటా బ్లాకర్ మందులు వాడేవారిలో వణుకు, దడ బయటపడకపోవచ్చు. మత్తులో ఉన్నవారు, వెంటిలేటర్ మీద ఉన్నవారు ఏమీ చెప్పలేరు. వృద్ధుల్లో అయితే ఊరికే మగతగా పడుకున్నట్టో, పొంతన లేకుండా మాట్లాడుతున్నట్టో ఉంటుంది. 'పెద్దాయన రాత్రంతా నిద్రపోలేదు, ఇప్పుడు పడుకున్నాడులే' అని అందరూ అనుకుంటున్న సమయంలో షుగరు 35 ఉండొచ్చు. వేలి కొన మీద ఒక్క చుక్క రక్తం తీసి చూస్తే తప్ప ఇది తెలియదు.

మన దగ్గర దీనికి తోడు సిరంజిల గందరగోళం ఒకటి ఉంది. మనకు సీసాల్లో దొరికే ఇన్సులిన్‌లో ఎక్కువ భాగం మిల్లీలీటరుకు 40 యూనిట్లది. పెన్నుల్లో పెట్టే కాట్రిడ్జ్‌ల్లో ఉండేది 100 యూనిట్లది. 40 రకానికి ఎర్ర మూత సిరంజి, 100 రకానికి నారింజ రంగు మూత సిరంజి వాడాలి. పెన్ను పనిచేయటం లేదని కాట్రిడ్జ్‌లోంచి ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలోకి 20 గీత దాకా లాగి ఇచ్చారనుకోండి, రోగి ఒంట్లోకి వెళ్లేది 20 యూనిట్లు కాదు, 50. సీసాలోని 40 రకాన్ని నారింజ మూత సిరంజితో 20 గీత దాకా ఇస్తే వెళ్లేది 8 యూనిట్లే. ఒక తప్పు షుగరును ప్రమాదకరంగా పడగొడుతుంది, మరొకటి పైకి తోస్తుంది. మోతాదు రాసేటప్పుడు 'యూనిట్లు' అని పూర్తిగా రాయకుండా అంకె పక్కన 'యు' అన్న ఇంగ్లిషు అక్షరం ఒక్కటి రాస్తే అది సున్నాలా కనబడి 10 కాస్తా 100 అయ్యే ప్రమాదం కూడా ఉంది. ఇలాంటివి జరుగుతున్నాయనే బ్రిటన్‌లో 2010లో ఆసుపత్రులన్నింటికీ ప్రత్యేక హెచ్చరిక పంపారు.

ఇల్లు కాలాక బావి తవ్వే పద్ధతి

ఇప్పటికీ చాలా ఆసుపత్రుల్లో ఒక అలవాటు ఉంది. పూటపూటకూ షుగరు చూడటం, 200 ఉంటే ఇన్ని యూనిట్లు, 250 ఉంటే ఇన్ని అని ఒక పట్టిక ప్రకారం ఇన్సులిన్ ఇచ్చి ఊరుకోవటం. దీన్ని 'స్లైడింగ్ స్కేల్' అంటారు. షుగరు పెరిగేదాకా ఆగి, పెరిగాక దించే పద్ధతి ఇది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు ఉంటుంది. పొద్దున 310, మధ్యాహ్నం 90, రాత్రి 280 అంటూ షుగరు ఉయ్యాల ఊగుతుంది.

దీనికి మెరుగైన పద్ధతి ఉంది. రోజంతా నిలకడగా పనిచేసే ఇన్సులిన్ ఒకటి, భోజనానికి ముందు త్వరగా పనిచేసేది ఇంకొకటి ఇచ్చి, రోజూ చార్టు చూసి మోతాదు సవరించటం. సాధారణ ఆపరేషన్లు చేయించుకున్న 211 మంది టైప్-2 మధుమేహుల మీద అమెరికాలో చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. పుండులో చీము, నిమోనియా, కిడ్నీలు దెబ్బతినటం వంటి సమస్యలు స్లైడింగ్ స్కేల్ మీద ఉన్నవారిలో 24.3 శాతం మందికి వస్తే, రెండు రకాల ఇన్సులిన్ ఇచ్చినవారిలో 8.6 శాతం మందికే వచ్చాయి. ఈ పద్ధతిలో షుగరు పడిపోయే అవకాశం కాస్త ఎక్కువే. అందుకే తరచూ చూడటం, తిన్నారో లేదో కనుక్కోవటం తప్పనిసరి. చూసే మనిషి లేకపోతే ఏ పద్ధతీ పనికిరాదు.

ఆపకూడనివి, ఆపాల్సినవి

టైప్-1 మధుమేహం ఉన్నవారి ఒంట్లో ఇన్సులిన్ దాదాపుగా తయారు కాదు. వారు ఏమీ తినకపోయినా, ఆపరేషన్ కోసం ఖాళీ కడుపుతో ఉన్నా రోజంతా పనిచేసే ఇన్సులిన్ మాత్రం ఆపకూడదు. 'ఏమీ తినటం లేదు కదా, ఇన్సులిన్ ఎందుకు?' అని ఆపేస్తే కొన్ని గంటల్లోనే రక్తం ఆమ్లంగా మారిపోయే కీటోఅసిడోసిస్ మొదలవుతుంది. బయటి నుంచి ఆ స్థితిలో వచ్చినవారిని బతికించటానికి పనిచేసే ఆసుపత్రిలోనే, చేరినవారికి అది కొత్తగా రావటం కంటే విషాదం ఏముంటుంది?

దీనికి పూర్తిగా భిన్నమైనవి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు. గుండెకూ కిడ్నీలకూ మేలు చేసే మంచి మందులివి. ఇప్పుడు చవకగా కూడా దొరుకుతున్నాయి కాబట్టి వాడకం బాగా పెరిగింది. అయితే ముందే అనుకుని చేయించుకునే ఆపరేషన్లకు కనీసం మూడు రోజుల ముందు వీటిని ఆపాలి. తిండీ నీళ్లూ లేని రోజుల్లో ఇవి వేసుకుంటే షుగరు 200 లోపే కనబడుతున్నా లోపల కీటోఅసిడోసిస్ రావచ్చు. గ్లూకోమీటరు అంకె చూసి 'బాగానే ఉంది' అనుకుంటే మోసపోతాం. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే కీటోన్ల పరీక్ష చేయాల్సిందే. మెట్‌ఫార్మిన్‌ను కూడా తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌లో, కిడ్నీలు బాగా దెబ్బతిన్నప్పుడు తాత్కాలికంగా ఆపుతారు.

స్టెరాయిడ్ల సంగతి మనకు 2021 గట్టిగానే చెప్పింది. ఆక్సిజన్ అవసరమైన కొవిడ్ రోగులకు డెక్సామెథసోన్ ప్రాణం పోసే మందు. రోజుకు 6 మిల్లీగ్రాములు, పది రోజులకు మించకుండా ఇవ్వాలన్నది అధ్యయనంలో తేలిన లెక్క. రెండో ఉద్ధృతిలో అవసరం లేనివారికీ ఇచ్చారు, మోతాదు మించి ఇచ్చారు. షుగరు 400 దాటుతున్నా చూసినవారు లేకపోయారు. ఫలితంగా మ్యూకార్‌మైకోసిస్, అదే మనం బ్లాక్ ఫంగస్ అని పిలుచుకున్నది, విరుచుకుపడింది. తెలంగాణ ప్రభుత్వం 2021 మే 20న దాన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి రోగులతో నిండిపోయింది. కన్ను పోగొట్టుకున్నవారు, దవడ పోగొట్టుకున్నవారు, ప్రాణాలే పోగొట్టుకున్నవారు ఎందరో. వారిలో అత్యధికులు మధుమేహం ఉన్నవారే. కొవిడ్ నుంచి బయటపడ్డాక అదుపులేని షుగరు వారిని వెనక్కి లాగింది. స్టెరాయిడ్ మొదలుపెట్టిన రోజే షుగరు చార్టు కూడా మొదలుపెట్టాలన్న ఒక్క నియమం ఆనాడు అన్నిచోట్లా అమలై ఉంటే ఆ మూల్యంలో కొంతైనా తప్పేది.

లెక్కపెడితేనే మార్పు

ఇంగ్లండ్‌లో 2010 నుంచి దాదాపు ఏటా ఆసుపత్రుల్లోని మధుమేహుల మీద జాతీయ తనిఖీ జరుపుతూ వచ్చారు. మంచం దగ్గరికెళ్లి చార్టులు చూశారు, రోగులనే అడిగారు. ఆసుపత్రి పడకల్లో దాదాపు ఆరింట ఒకటి మధుమేహులదేనని, వారిలో పదికి తొమ్మిదిమందికి పైగా వేరే జబ్బుతో చేరినవారేనని తేలింది. 2017 నాటికి కూడా దాదాపు మూడోవంతు మంది విషయంలో మందుల్లో ఏదో ఒక పొరపాటు కనబడింది. టైప్-1 ఉన్న ప్రతి 25 మందిలో ఒకరికి ఆసుపత్రిలో ఉండగానే కీటోఅసిడోసిస్ వచ్చింది. సిగ్గుపడాల్సిన అంకెలే అయినా వాటిని దాచకుండా అచ్చేశారు. ఫలితం కూడా కనబడింది. తొలి రోజుల్లో నాలుగోవంతు మందికి వార్డులో షుగరు పడిపోతుండగా 2017కల్లా అది ఐదోవంతు కంటే తక్కువకు దిగింది. ఆ తర్వాత 2018 నుంచి నాలుగు రకాల హానిని విడిగా నమోదు చేయటం మొదలుపెట్టారు: ఇంజెక్షన్‌తో కాపాడాల్సి వచ్చేంతగా షుగరు పడిపోవటం, కొత్తగా కీటోఅసిడోసిస్ రావటం, షుగరు విపరీతంగా పెరిగి ఒళ్లు ఎండిపోవటం, ఆసుపత్రిలో ఉండగా కాలి మీద పుండు పడటం.

ఈ నాలుగింటినీ లెక్కపెట్టటానికి మన జిల్లా ఆసుపత్రికైనా, బోధనాసుపత్రికైనా, కార్పొరేట్ ఆసుపత్రికైనా కావాల్సింది ఒక పుస్తకం. నెలకోసారి ఆ పుస్తకం తెరిచి 'ఈ నెల ఎందరికి, ఎందుకు?' అని వైద్యులు, నర్సులు కలిసి కూర్చుని చూసుకుంటే చాలు. తప్పు ఎవరిదని వెతకటానికి కాదు. ఇన్సులిన్ వేళకూ టిఫిన్ బండి వేళకూ మధ్య గంటన్నర తేడా ఉందని అప్పుడే తెలుస్తుంది.

మరణ ధ్రువీకరణలోనూ మార్పు రావాలి. ఆసుపత్రిలో జరిగే మరణానికి వైద్యులు నింపే ఫారం-4లో రెండు భాగాలుంటాయి. మొదటి భాగంలో చావుకు దారితీసిన జబ్బుల వరుస, రెండో భాగంలో దానికి తోడైన ఇతర జబ్బులు రాయాలి. 'గుండె, ఊపిరి ఆగిపోయాయి' అని రాయటం కారణం రాసినట్టు కాదు. చనిపోయిన ప్రతివారికీ అవి ఆగేవే. ఆ వరుసలోనో, రెండో భాగంలోనో మధుమేహానికి దాని చోటు దానికి దక్కాలి. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఆసుపత్రులు మరణ కారణ పత్రాన్ని తప్పనిసరిగా ఇవ్వాలి, దగ్గరి బంధువుకు కూడా ఒక ప్రతి అందజేయాలి. ఆ కాగితం అడిగి తీసుకోవటం మన హక్కు. అందులో నిజమైన కారణాలు రాయటం వైద్యుల బాధ్యత.

ఆసుపత్రులు చేయాల్సింది

ఊరూరా షుగరు నిపుణులు లేరన్నది నిజమే. కానీ శిక్షణ పొందిన నర్సు ఒకరు ప్రతి వార్డులోనూ ఉండొచ్చు. చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి గంటలోనే షుగరు చూడటం, మధుమేహులకు బీపీ, నాడి, జ్వరంతో పాటు షుగరునూ చార్టులో రాయటం, ఇన్సులిన్ ఇచ్చేముందు 'భోజనం వచ్చిందా?' అని అడగటం, 70 కంటే తగ్గితే డాక్టరు వచ్చేదాకా ఆగకుండా చికిత్స మొదలుపెట్టే అధికారం నర్సుకు ఇవ్వటం, అందుకు కావాల్సిన గ్లూకోజు పొడి, డెక్స్‌ట్రోజ్ సీసాలు ఒక డబ్బాలో అందుబాటులో ఉంచటం, 40, 100 రకం సిరంజిలను వేర్వేరు అరల్లో పెట్టటం. వీటిలో ఏదీ ఖర్చుతో కూడుకున్నది కాదు. ఆరోగ్యశ్రీ వంటి పథకాల కింద బిల్లు పంపేటప్పుడు మధుమేహుల షుగరు చార్టు కూడా జతచేయాలని ప్రభుత్వాలు నిబంధన పెడితే ఈ పనులు వాటంతటవే అలవాటవుతాయి.

ఇంటివాళ్లు చేయాల్సింది

మన ఆసుపత్రుల్లో రోగి పక్కన ఇంటి మనిషి ఒకరు ఉండటం ఆనవాయితీ. అది మనకున్న పెద్ద బలం. దాన్ని సరిగా వాడుకోవాలి.

• వాడుతున్న మందులన్నీ, ఇన్సులిన్ పెన్నుతో సహా, సంచిలో వేసి తీసుకెళ్లండి. చివరి మోతాదు ఎప్పుడు తీసుకున్నారో చెప్పండి. ఆసుపత్రిలో ఇస్తున్న వాటికి తోడు సంచిలోని మాత్రలను మీ అంతట మీరు వెయ్యకండి.

• టైప్-1 అయితే వార్డు మారినప్పుడల్లా, డ్యూటీ మారినప్పుడల్లా ఆ మాట మళ్లీ చెప్పండి.

• ఇన్సులిన్ ఇవ్వటానికి వస్తే, భోజనం ఇంకా రాకపోయినా, రోగి తినలేకపోతున్నా 'సిస్టరమ్మా, ఇంకా ఏమీ తినలేదు' అని చెప్పటానికి మొహమాటపడకండి.

• చెమటలు పట్టినా, చిరాకుపడుతున్నా, మాట తడబడినా, లేపితే లేవకపోయినా వెంటనే షుగరు చూడమని అడగండి. స్పృహ ఉంటే మూడు నాలుగు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సిస్టర్‌ను పిలవండి.

• కొబ్బరినీళ్లు, పళ్లరసం, ఇంటి నుంచి తెచ్చిన స్వీటు, ఏది ఇచ్చినా దాచకుండా చెప్పండి. మీరు దాస్తే డాక్టరు ఇన్సులిన్ పెంచుతారు. మర్నాడు ఆ స్వీటు లేకపోతే షుగరు పడిపోతుంది.

• మంచం మీదే ఉన్నవారి మడమలు, పాదాలు రోజూ చూడండి. ఎర్రగా కమిలినా, బొబ్బ కనబడినా చెప్పండి.

• డిశ్చార్జి రోజున మూడు విషయాలు రాయించుకోండి: ఏ మందులు ఆపాలి, ఏవి కొనసాగించాలి, షుగరు ఎప్పుడు చూసుకుని ఎవరికి చూపించాలి. జబ్బు తగ్గి హార్మోన్లు సర్దుకున్నాక, స్టెరాయిడ్లు ఆపాక ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది. వార్డులో ఇచ్చిన మోతాదే ఇంట్లో గుడ్డిగా కొనసాగిస్తే షుగరు పడిపోవచ్చు.

వైద్యులకు పని ఒత్తిడి ఎంతుందో, ఒక్కో నర్సు ఎన్ని మంచాలు చూసుకోవాలో అందరికీ తెలిసిందే. ఈ ప్రశ్నలు అడగటం వాళ్లను తప్పుపట్టటానికి కాదు. వాళ్లకు అది ఇంకో జత కళ్లలా ఉపయోగపడుతుంది. షుగరు ఉన్న మీ నాన్నగారినో, అమ్మనో, అత్తయ్యనో ఏ జబ్బుతో ఆసుపత్రిలో చేర్చినా మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. 'ఇక్కడున్నన్ని రోజులూ వీరి షుగరును చూసేదెవరు?' దానికి జవాబుగా ఒక మనిషి పేరు రావాలి. ఆ పేరు చెప్పలేని ఆసుపత్రి ముందు ఆ లోటును సరిచేసుకోవాలి.